బరువు మోసిన నీరు: జోసెఫ్ బ్రామా

భీమవరం నుంచి ఆకివీడు మీదుగా కైకలూరు పోయే రాదారిపై, మంచుగడ్డల నడుమ చేపలు నింపుకొన్న లారీ ఒకటి టైరు పగిలి దారి ప్రక్కన ఆగి ఉండుట అరుదైన దృశ్యం కాదు. క్లీనరు దిగుతాడు. ఇరుసు క్రింది నల్లమన్ను మెత్తనిది కనుక ముందు ఒక మందపు చెక్క పరుస్తాడు. చెక్కమీద జానెడెత్తు ఇనుప సీసా వంటి సాధనాన్ని నిలబెట్టి, దాని కడ్డీని పైకీ క్రిందికీ ఆడించడం మొదలుపెడతాడు. ఆ బక్కపలుచని చేయి ఆడినకొద్దీ టన్నుల బరువున్న బండి వెంట్రుకవాసి చొప్పున పైకి లేస్తుంది. ఇంతలో డ్రైవరు వచ్చి, అదనపు చక్రాన్ని దొర్లించుకొనిపోయి బండి చట్రం క్రింద పడుకోబెడతాడు. పైకెత్తే పని జాకీ చేస్తూనే ఉండగా ఈ చక్రం అక్కడ ఎందుకో చూచేవారికి తోచదు.

ఆ ఇనుప సీసా పేరు జాకీ. నేడు అది లారీలకే పరిమితం కాదు. కొల్లేటి గట్టునుంచి తాడేపల్లిగూడెం వరకు ఏ ఊరిలో చూచినా ఇండ్ల ముంగిట కార్లు నిలిచి ఉన్నవి. చక్రం మార్చుకొనుట, బ్రేకులు చూచుకొనుట, బండి అడుగున తుప్పు పట్టినదేమో పరికించుట వంటి చిన్న పనులు ఇంటివద్దనే చేసికొనదలచినవారు చక్రాలమీద నడిచే ట్రాలీ జాకీని కొంటున్నారు. దుకాణంలో అవన్నీ ఒక్క తీరుగానే మెరుస్తూ ఉంటవి. ఎఱ్ఱరంగు, నల్లరంగు, పొడవైన పిడి, అంటించిన చీటీమీద టన్నుల సంఖ్య. ఏది మంచిదో కంటికి తెలియదు. మంచిచెడ్డలు నిర్ణయించే భాగం కంటికి కనిపించని చోట, ఇనుప గొట్టం లోపల, వ్రేలెడు వెడల్పు లేని ఒక చిన్న పట్టెడలో దాగి ఉన్నది. ఆ సంగతి లోకానికి మొదట బోధపడినది సుమారు 230 సంవత్సరాల క్రితం లండనులోని ఒక కార్ఖానాలో. ఆ కార్ఖానా యజమాని ఒక కుంటి వడ్రంగి. అతని పేరు జోసెఫ్ బ్రామా. బడిలో పాస్కల్ సూత్రం చదివిన విద్యార్థులకు బ్రామా ప్రెస్సు అనే మాట పరిచితమే. ఆ మాట వెనుకనున్న మనిషి మాత్రం అంతగా పరిచితుడు కాడు.

నాగలి తప్పిన బాలుడు

ఇంగ్లండు దేశపు ఉత్తరభాగాన యార్క్‌షైరు మండలంలో, బార్న్స్‌లీ పట్టణానికి చేరువగా స్టెయిన్‌బరో అనే పల్లె ఉన్నది. 1748వ సంవత్సరంలో అక్కడి ఒక కౌలురైతు ఇంట బ్రామా జన్మించినాడు. సంసారం పెద్దది, భూమి మరొకరిది. కొడుకు చేతికి వచ్చిన వెంటనే నాగలి పట్టవలసినదే తప్ప వేరొక ఆలోచనకు ఆ ఇంట తావు లేదు. బాలుడు మాత్రం తీరిక దొరికినప్పుడెల్ల ఊరి కమ్మరి కొలిమి దగ్గర చేరి పనిముట్లు చేయించుకొనేవాడు. ఆ పనిముట్లతో కొయ్యను తొలిచి ఫిడేలు వంటి వాద్యాలు చేసేవాడు. పల్లెలో అది వినోదంగా చెల్లినది. అది వృత్తి కాగలదని ఎవరూ తలచలేదు.

పదహారవ ఏట అతని చీలమండకు బలమైన దెబ్బ తగిలినది. కాలు బాగుపడలేదు. చాలు వెంట నడువలేని కొడుకు పొలానికి పనికిరాడు. తండ్రి అతనిని ఊరి వడ్రంగి వద్ద శిష్యునిగా చేర్చినాడు. రైతు కుటుంబం దృష్టిలో అది దురదృష్టమే. అయినా ఆ కుంటితనమే బ్రామాను కొలబద్ద దగ్గరకూ, ఉలి దగ్గరకూ చేర్చినది. శిష్యరికం ముగిసిన పిమ్మట అతడు లండను పయనమైనాడు. 150 మైళ్లకు మించిన ఆ దూరాన్ని కుంటికాలితోనే నడిచి చేరినాడని చెప్పుకొంటారు.

లండనులో అతడు బీరువాలు, బల్లలు చేసే పనిలో కుదిరినాడు. ఆ రోజులలో ధనికుల ఇండ్లలో నీటితో శుభ్రపడే మరుగుదొడ్లు అమర్చుట క్రొత్తగా వాడుకలోకి వచ్చినది. అలెగ్జాండరు కమ్మింగ్ అనే గడియారాల పనివాడు 1775లో దానికి హక్కుపత్రం పొందియున్నాడు. వాటిని ఇండ్లలో బిగించే పని వడ్రంగులకు వచ్చేది. బిగించుచుండగా బ్రామా ఒక లోపం కనిపెట్టినాడు. క్రింది ద్వారాన్ని మూసే పలక జారుడు పలక. చలికాలంలో అది గడ్డకట్టి కదలక మొరాయించేది. దాని స్థానంలో బందుమీద తిరిగే రెక్క అమర్చి, 1778లో తన పేర హక్కుపత్రం సంపాదించినాడు. ఈ పనిని హీనమని తలచినవారు ఉండవచ్చును. బ్రామా అట్లా తలచలేదు. నీటిని మూసి ఉంచుట, వదలుట, కారకుండ నిలుపుట అనే సమస్య అతనికి అక్కడే మొదటిసారి ఎదురైనది. జీవితాంతం ఆ సమస్య అతనిని విడువలేదు.

కిటికీలోని తాళం

ఆ వ్యాపారం నిలద్రొక్కుకొన్న తరువాత అతని చూపు తాళాలమీదికి పోయినది. అప్పటి తాళాలు పేరుకే తాళాలు. వంకర తీగ ఒకటి చేత నున్న దొంగకు అవి అడ్డు కావు. 1784లో బ్రామా ఒక క్రొత్త తాళానికి హక్కుపత్రం తీసికొన్నాడు. దాని చెవి సన్నని గొట్టం వంటిది. కొనమీద వేరు వేరు లోతుల గాట్లుంటవి. లోపల వరుసగా సన్నని రేకులు ఉంటవి. చెవి నొక్కినప్పుడు ప్రతి రేకూ తనకు నియమించిన లోతుకే, దానికి ఎక్కువా తక్కువా కాకుండ, దిగినప్పుడే తాళం తిరుగుతుంది. ఒక్క రేకు తలవెంట్రుక మందం తప్పినా అది కదలదు.

ఊహ గొప్పదే; చేయుట దుస్సాధ్యం. ప్రతి భాగాన్నీ ఆకురాయితో చేతి అంచనాపై సవరించుచుంటే ఏడాదికి పది తాళాలైనా పూర్తికావు. పనివాని చేయి ఒకనాడు ఉన్నట్లు మరొకనాడు ఉండదు. కొలత తప్పని యంత్రాలు ముందు చేసికొంటేనే కొలత తప్పని తాళాలు వస్తవి. అటువంటి యంత్రాలు చేయగలవాని కొరకు బ్రామా వెదకినాడు. వూలిచ్‌లోని ప్రభుత్వ ఆయుధశాలలో హెన్రీ మాడ్స్‌లే అనే యువకుని హస్తకౌశలం గూర్చి ఎవరో చెప్పగా 1789లో అతనిని పిలిపించినాడు. వచ్చినవానికి పద్దెనిమిదేండ్లు. ఏడేండ్ల శిష్యరికం పూర్తిచేయని పిల్లవానిని తమ సరసన నిలుపుట ఎట్లా అని తక్కిన పనివారు సందేహించినారు. కార్ఖానాలో అరిగిపోయి మూలనున్న ఒక పట్టుడు గిరకను చూపి, సాయంకాలపు గంట మ్రోగేలోగా దానిని బాగుచేసి ఇస్తానని మాడ్స్‌లే ముందుకు వచ్చినాడట. గంట మ్రోగకమునుపే ఆ పరికరం క్రొత్తదానివలె బల్లమీద నిలిచినది. ఆ పిమ్మట అతని వయస్సు ఎవరూ అడుగలేదని పరంపరగా వినవస్తున్నది. కొద్ది కాలంలోనే అతడు కార్ఖానాకు పెద్ద మేస్త్రీ అయినాడు.

1790లో బ్రామా తన పికాడిల్లీ వీథి దుకాణపు కిటికీలో ఒక తాళం వ్రేలాడదీయించినాడు. దొంగచెవితో దానిని తెరువగల చేతి సాధనం చేసినవారికి 200 గినీలు బహుమానమని దానిపై ప్రకటించినాడు. ఆ తాళం మాడ్స్‌లే చేతిపని. సంవత్సరాలు గడిచినవి. చూచిపోయేవారు చూచిపోయినారు, ప్రయత్నించినవారు విఫలులైనారు. తాళం కదలలేదు. బ్రామా పేరు నమ్మకానికి పర్యాయపదమైనది.

తోలు చేసిన అద్భుతం

ఇప్పుడు నీటి సంగతికి రావాలి. ఫ్రాన్సు దేశపు గణితవేత్త బ్లేజ్ పాస్కల్ 1623లో పుట్టి, నలుబది యేండ్లైనా నిండక 1662లో కన్నుమూసినాడు. మూసిన పాత్రలోని ద్రవంపై ఒకచోట కలిగించిన పీడనం నలుదిక్కులకూ సమానంగా వ్యాపిస్తుందని అతడు నిరూపించినాడు. ఆ గ్రంథం అతని మరణానంతరం 1663లో వెలువడినది. దానిలోని భావాన్ని ఒక లెక్కతో చెప్పుకొనవచ్చును. ఒకదానితో ఒకటి కలిసిన రెండు గొట్టాలున్నవి. చిన్నదాని అడ్డుకొలత 1 సెంటీమీటరు. పెద్దదానిది 4 సెంటీమీటర్లు. కొలత నాలుగింతలే అయినా వైశాల్యం 16 రెట్లు. కనుక చిన్న ముషలకాన్ని 60 కిలోల బలంతో నొక్కితే పెద్ద ముషలకం 960 కిలోల బరువు ఎత్తుతుంది. ఆ 60 కిలోల బలం కొరకు మనిషి అంత శ్రమపడనక్కరలేదు. పొడవైన కడ్డీ 20 రెట్లు సాయం చేసినచో చేతి బలం 3 కిలోలు చాలును. రాపిడికి పోయేది కొంత ఉంటుంది కాని లెక్క ఇదే.

అయితే ప్రకృతి ఊరక ఏదీ ఇవ్వదు. బరువు 1 సెంటీమీటరు లేవాలంటే చిన్న ముషలకం మొత్తం 16 సెంటీమీటర్లు దిగాలి. కడ్డీ కొన 320 సెంటీమీటర్లు కదలాలి. క్లీనరు అన్నిసార్లు చేయి ఆడించుట అందుకే. బలంలో లభించినది దూరంలో చెల్లింపవలసినదే.

ఈ సూత్రం పండితులకు తెలిసి 130 సంవత్సరాలకు పైగా గడిచినా పనికివచ్చే యంత్రం పుట్టలేదు. కారణం చిన్నది. పెద్ద ముషలకానికీ గొట్టానికీ నడుమ సందు ఉండక తప్పదు. సందు లేనిచో ముషలకం కదలదు. సందు ఉన్నచో పీడనం పెరిగినకొద్దీ నీరు అందులోనుంచి చిమ్ముతుంది. బ్రామా 1795లో జలపీడన యంత్రానికి హక్కుపత్రం పొందినాడు కాని, ఈ చిక్కు అతనిని కూడ బాధించినది. సందులో జనుము కుక్కి గట్టిగా బిగిస్తే నీరు ఆగినది. కాని ముషలకం కూడ ఆగిపోయినది. పైకి లేచినది మరల దిగి రాదు. బిగింపు సడలిస్తే దిగినది. కాని నీరు కారినది. ఎత్తుటకు పనికివచ్చేది దించుటకు పనికిరాలేదు. దించుటకు వీలైనది బరువు నిలుపలేదు.

పరిష్కారం ఒక తోలు పట్టెడ రూపంలో వచ్చినది. మెత్తని తోలును నీటిలో నానబెట్టి, అంచులు రెండూ ఒక ప్రక్కకు మడిచి, కాలువ ఆకారంలో వలయంగా చేసి, ముషలకం చుట్టూ అమర్చినారు. మడత తెరచిన నోరు నీటివైపు ఉంటుంది. నీటి పీడనం పెరిగినప్పుడు ఆ నీరే మడతలోకి చొరబడి, ఒక అంచును ముషలకానికీ రెండవ అంచును గొట్టం గోడకూ అదుముతుంది. పీడనం ఎంత ఎక్కువైతే మూత అంత బిగువు. పీడనం తగ్గగానే తోలు సడలి ముషలకం సులభంగా దిగివస్తుంది. తప్పించుకొనజూచే నీటినే కాపలాదారుగా నిలిపిన ఉపాయమిది. ఇది మాడ్స్‌లే బుద్ధికి తట్టినదని అతని వద్ద పనిచేసిన జేమ్స్ నాస్మిత్ మొదలైనవారు చెప్పిన మాట యంత్రచరిత్రలో నిలిచినది. హక్కుపత్రం మీది పేరు మాత్రం బ్రామాది.

ఆ పట్టెడ లేకున్న బ్రామా ప్రెస్సు పుస్తకంలోని బొమ్మగానే మిగిలిపోయేది. పట్టెడ వచ్చిన తరువాత అది కాగితాన్ని, గడ్డిని, నూనెగింజలను అదిమినది. గుంటూరు సీమ పత్తిని బేళ్లుగా బిగించిన యంత్రాలు కూడ ఈ వంశానికి చెందినవే.

ముప్పది షిల్లింగులు

ఇంత ఉపకారం చేసిన మేస్త్రీకి వారానికి ముప్పది షిల్లింగులు జీతం. మాడ్స్‌లేకు పెండ్లి అయి పిల్లలు కలిగినారు, ఖర్చు పెరిగినది. 1797లో అతడు జీతం పెంచుమని కోరినాడు. బ్రామా నిరాకరించినాడు. ఎనిమిదేండ్ల సహవాసం ఆ ఒక్క మాటతో ముగిసినది. మాడ్స్‌లే బయటికి నడిచి, చిన్న దుకాణం పెట్టుకొని, కాలక్రమాన ఇంగ్లండులో యంత్రాలు చేసే యంత్రాలకు గురుపీఠమైనాడు. మరల కొలత తప్పకుండ మరలు కోసే అతని లేతు, నౌకాదళం కొరకు పోర్ట్స్‌మత్‌లో బ్రూనెల్ ఊహించిన కప్పీల యంత్రాలకు అతడిచ్చిన రూపం లోకప్రసిద్ధాలు.

బ్రామా కఠినుడని దీనివలన తీర్మానించుట తొందరపాటు అవుతుంది. పని తక్కువైన రోజులలో కూలీలను వెళ్లగొట్టక, అమ్ముడుపోని సరకు చేయించి నిలువ ఉంచేవాడని అతని గూర్చి వ్రాసినవారు చెప్పినారు. తన పని గూర్చి అతనికి గర్వం హెచ్చు. జేమ్స్ వాట్ ఆవిరియంత్రపు హక్కుపత్రంపై నడిచిన వ్యాజ్యంలో వాట్‌కు ప్రతికూలంగా సాక్ష్యమిచ్చి, ఆ వాదనను 1797లో అచ్చు కూడ వేయించినాడు. యంత్రంలోని లోపం ఇట్టే పసికట్టే కన్ను, తన ప్రక్కనున్న మనిషి విలువను కొలుచుటలో తప్పినది. నీరు కారే సందును మూయించినవాడు, మేస్త్రీ జారిపోయే సందును మూయలేకపోయినాడు.

ఆ తరువాత కూడ అతని ఉత్సాహం తగ్గలేదు. నేలమాళిగలోని పీపాలనుంచి పానీయాన్ని పైకి తోడే పంపు, కొయ్యపలకలను చదునుచేసే యంత్రం, ఇంగ్లండు బ్యాంకు నోట్లపై వరుస సంఖ్యలు అచ్చువేసే యంత్రం ఒకదాని వెంట ఒకటి వెలువడినవి. చివరిది 1806 నాటిది. అంతకు ముందు గుమాస్తాలు కూర్చుండి ఆ అంకెలు చేతితో వ్రాసేవారు. మొత్తం పద్దెనిమిది హక్కుపత్రాలు అతని పేర ఉన్నవి.

చివరికి నీటి యంత్రమే అతని మృత్యువుకు నిమిత్తమైనది. హాంప్‌షైరులోని హోల్ట్ అడవిలో పెద్ద వృక్షాలను వేళ్లతో పెకలించుటకు జలపీడన యంత్రాన్ని వినియోగించినారు. ఆ పని స్వయంగా చూడబోయి చలిగాలిలో నిలిచిన బ్రామాకు జలుబు చేసినది. అది ఊపిరితిత్తులకు దిగినది. 1814 డిసెంబరు 9న తన అరువదియారవ ఏట అతడు మరణించినాడు.

తాళం తెరుచుకొన్నది, యంత్రం పగిలినది

మహాశిల్పి పోయిన తరువాత అతని సృష్టికి రెండు పరీక్షలు వచ్చినవి. రెండింటిలోనూ నేర్చుకొనవలసినది ఉన్నది.

మొదటిది 1849లో. వేల్సు దేశపు గట్టునుంచి ఆంగ్లసీ దీవికి సముద్రపు పాయమీదుగా రాబర్టు స్టీఫెన్‌సన్ బ్రిటానియా రైలువంతెన కట్టుచున్నాడు. రైలు లోపలినుంచి పోయే మహా ఇనుపగొట్టాలను నేలమీద తయారుచేసి, పడవలపై తేలించి తెచ్చి, స్తంభాల నడుమ సుమారు 100 అడుగులు పైకెత్తాలి. ఒక్కొక్క పెద్ద గొట్టం బరువు 1,500 టన్నులకు పైమాట. బ్రామా చూపిన మార్గంలో చేసిన జలపీడన యంత్రాలు తప్ప అంత భారం ఎత్తగల శక్తి లోకంలో మరొకటి లేదు. యంత్రం ఆరడుగుల చొప్పున ఎత్తుతుంది, ఆగుతుంది, మరల ఎత్తుతుంది. స్టీఫెన్‌సన్ ఒక నియమం పెట్టినాడు. గొట్టం లేచినకొద్దీ దాని క్రింద ఖాళీ ఉండరాదు. అంగుళం వెంట అంగుళంగా ఆధారం పేర్చుచు పోవాలి. పని ఆలస్యమైనా సరే. ఆగస్టు 17న యంత్రపు మహాగొట్టం అడుగు ఊడి పగిలిపోయినది. అంత భారమూ ఒక్కసారిగా క్రిందికి వచ్చినది. కాని కొన్ని అంగుళాలు దిగి, పేర్చిన ఆధారంమీద ఆనుకొని నిలిచిపోయినది. ఆ ఆధారమే లేకున్న ఆ గొట్టమూ, దానితో వంతెన ఆశయూ నీటిపాలయ్యేవి.

రెండవది 1851లో. లండనులో జరిగిన మహాప్రదర్శనకు అమెరికానుంచి వచ్చిన ఆల్‌ఫ్రెడ్ హాబ్స్ అనే తాళాల నిపుణుడు, పికాడిల్లీ కిటికీలో 61 సంవత్సరాలుగా చెక్కుచెదరని ఆ తాళాన్ని తెరుస్తానని ముందుకు వచ్చినాడు. 16 దినాలలో మొత్తం 51 గంటలు శ్రమించి తెరిచినాడు. 200 గినీలు గెలుచుకొన్నాడు. బ్రామా తాళానికి దానివలన అవమానమేమీ లేదు. 51 గంటలు ఏ దొంగకూ చిక్కవు. కాని మనిషి చేసినది ఎంత గొప్పదైనా దానికి ఒక హద్దు ఉన్నదని ఆ దినం తెలిసినది.

ఆ 1851వ సంవత్సరంలోనే న్యూయార్కులో రిచర్డు డడ్జన్ అనే యంత్రకారుడు బ్రామా ప్రెస్సును చేతితో మోయదగిన చిన్న సాధనంగా మలచి హక్కుపత్రం పొందినాడు. నీటికి బదులు తరువాతి కాలంలో నూనె వచ్చినది. తోలుకు బదులు రబ్బరు, తత్సమానమైన ఇతర పదార్థాలు వచ్చినవి. సూత్రం మాత్రం మారలేదు. ఆకివీడు రాదారిపై క్లీనరు చేతిలో ఉన్నది ఆ సంతానమే.

ముంగిట నిలిచే ప్రెస్సు

ఇంటి కారు కొరకు జాకీ కొనబోయేవాడు దుకాణంలో ఏమి చూడాలి? బ్రామా కార్ఖానాలో ఎదురైన ప్రశ్నలే చూడాలి. ఎత్తుతుందా అన్నది మొదటి ప్రశ్న. ఇది సులభం, దాదాపు అన్నీ ఎత్తుతవి. చిన్న కారు మొత్తం బరువు 1 టన్నుకు అటు ఇటు. పెద్ద బండ్లు 2 టన్నుల వరకు ఉంటవి. ఒక ప్రక్కనే ఎత్తుతాము కనుక సగం బరువే పడుతుందని లెక్కవేసి చాలీచాలనిది కొనరాదు. బండి మొత్తం బరువుకు తగ్గనిది, వీలైన కొంత హెచ్చు శక్తి గలది తీసికొనుట యుక్తం. తల పూర్తిగా దించినప్పుడు అది బండి అడుగున దూరాలి. పూర్తిగా ఎత్తినప్పుడు చక్రం నేలను విడవాలి. ఈ రెండు ఎత్తులూ ఇంటివద్ద బండి క్రింద కొలిచి వ్రాసికొని దుకాణానికి పోవుట మంచిది.

నిలుపుతుందా అన్నది రెండవ ప్రశ్న; అసలు ప్రశ్న ఇదే. బరువు పెట్టి ఎత్తి, ఎంత ఎత్తున ఉన్నదో సుద్దముక్కతో గుర్తు పెట్టి, అరగంట ఆగి చూడాలి. గుర్తు క్రిందికి జారినా, ముషలకం మొదట నూనె చెమర్చినా లోపలి పట్టెడ మంచిది కాదు. పైని రంగు, చక్రాల మెరుపు ఎంత అందంగా ఉన్నా అట్టిది వద్దు. దించుతుందా అన్నది మూడవది. పిడి త్రిప్పినప్పుడు బండి నెమ్మదిగా, చేతి అదుపులో దిగాలి, ధబాలున పడరాదు. శక్తికి మించిన బరువు పెడితే ఎత్తకుండ నూనెను వెనుకకు వదలివేసే కవాటం ఉన్నదా అని కూడ అడగాలి. పట్టెడ ఎంత మంచిదైనా ఒకనాటికి అరుగుతుంది. కనుక ఆ కొలత వాషర్లు ఏలూరులోనో, తాడేపల్లిగూడెంలోనో దొరికే రకం కొనుట వివేకం. విడిభాగం దొరకని జాకీ మొదటి మరమ్మతుకే పాత ఇనుము అవుతుంది. తయారుచేసినవారు చెప్పిన నూనె తప్ప, చేతికందినదని బ్రేకు నూనె పోయరాదు. అది రబ్బరును పాడుచేస్తుంది. కొల్లేటి గాలిలో తేమ హెచ్చు కనుక పని ముగిసిన వెంటనే తల పూర్తిగా దించి ఉంచాలి. బయట నిలిచిన ముషలకానికి తుప్పు పట్టును. గరుకెక్కిన ముషలకం పట్టెడను కోసివేయును.

ట్రాలీ జాకీకి గచ్చు నేల కావాలి. బరువు ఎత్తుచుండగా దాని చక్రాలు కొంత కదలవలసి ఉంటుంది. మెత్తని మట్టిలో అవి కూరుకొనిపోయి జాకీ ఒరుగుతుంది. బండిని గేరులో ఉంచి, చేతి బ్రేకు వేసి, నేలమీద మిగిలే చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, కారుతోపాటు ఇచ్చిన పుస్తకంలో చూపిన గట్టి చోటనే జాకీ తల ఆనించాలి.

ఇన్ని చూచి కొన్నదైనా అది ఎత్తే సాధనమే గాని మోసే సాధనం కాదు. ఇక్కడ స్టీఫెన్‌సన్ నియమం గుర్తుకు రావాలి. మూడు కాళ్లో నాలుగు కాళ్లో గల ఇనుప స్టాండ్లు జతగా దుకాణాలలో దొరుకుతవి. జాకీకి డబ్బు వెచ్చించినవారు వాటిని అనవసరమని వదలివేయుట పెద్ద పొరపాటు. బండి లేచిన వెంటనే స్టాండు పెట్టి, బరువు దానిమీద ఆనిన తరువాతనే మనిషి బండి క్రిందికి పోవాలి. బీటలు వారిన వ్రేలెడు రబ్బరు వలయం మీద మనిషి ప్రాణం ఆధారపడరాదు.

పట్టెడ పగలవచ్చును, ఇనుము పగలవచ్చును, తెరవరాని తాళం తెరుచుకొనవచ్చును. బ్రామా జీవితకాలమంతా పగలనిదాని కొరకు ప్రయత్నించినాడు. ఆ ప్రయత్నం వలననే మంచి సాధనాలు పుట్టినవి. పగిలినప్పుడు ఏమి చేయాలన్నది అతని తరువాతివారు నేర్పవలసివచ్చినది.

రాదారి ప్రక్కన క్లీనరు ఇంకా కడ్డీ ఆడిస్తున్నాడు. బండి బెత్తెడు లేచినది. చట్రం క్రింద అదనపు చక్రం పడుకొని ఉన్నది. దానిని అక్కడికి దొర్లించిన డ్రైవరు బ్రామా పేరు విని ఉండడు. వేల్సు దేశపు వంతెన సంగతి అతనికి తెలిసి ఉండదు. అయినా చక్రం సరిగా చట్రం క్రిందికే వచ్చినదో లేదో మరొకసారి వంగి చూచుకొని, ఆ తరువాతనే క్లీనరును బోల్టులు విప్పనిస్తున్నాడు.